డెంటల్ కాలేజీ ఫ్యాకల్టీకి పరిశోధన శిక్షణ: షార్ట్ కోర్సా, రివ్యూనా, మాస్టర్సా, పీహెచ్‌డీనా?

డెంటల్ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లను పరిశోధన చేయమని అందరూ అంటారు. ఎలా చేయాలో కూర్చోబెట్టి నేర్పేవాళ్లు మాత్రం తక్కువ. పీజీలో థీసిస్ రాశాం కదా, వచ్చేసినట్టే అనుకుంటాం. ఆ థీసిస్‌కి టాపిక్ గైడ్ ఇచ్చారు, లెక్కలు స్టాటిస్టీషియన్ చేసిపెట్టారు, మనం పేషెంట్లను చూసి గడులు నింపాం. ఫ్యాకల్టీగా చేరి ఇంకొకరికి గైడ్ అవ్వాల్సి వచ్చినప్పుడు గానీ మనకు ఏం రాదో తెలియదు.

నాకు అది బైట్‌వింగ్ ఎక్స్‌రేల (పళ్ల మధ్య పుచ్చు కనిపెట్టడానికి తీసేవి) దగ్గర తెలిసింది. ఒక స్టడీ మొదలుపెట్టే ముందు నేనూ, నా సహోద్యోగీ ప్రాక్టీసుగా 100 పంటి ఉపరితలాలు విడివిడిగా చదివాం. 90 చోట్ల ఇద్దరి మాటా ఒకటే. చాలా బాగా కలిసిందని సంతోషంగా స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ కాగితం మీద నాలుగు గడులు గీశారు. ఇద్దరం బాగుందన్నవి 85. ఇద్దరం పుచ్చు అన్నవి 5. నేను పుచ్చు అంటే ఆయన కాదన్నవి 5, ఆయన అంటే నేను కాదన్నవి 5. ‘మీరిద్దరూ ఎక్స్‌రే చూడకుండా, పదింటికి తొమ్మిది బాగున్నాయని గుడ్డిగా రాసుకుంటూ పోయినా 82 చోట్ల కలుస్తుంది. మిగిలిన 18లో మీరు కలిపింది 8’ అన్నారు. కప్పా (గుడ్డిగా కలిసేది తీసేశాక నిజంగా ఎంత కలిసిందో చెప్పే కొలత) విలువ 0.44. నేను పుచ్చు అన్న పది పళ్లలో ఆయన ఒప్పుకున్నవి సగమే. ఆ స్థితిలో స్టడీ మొదలుపెట్టి ఉంటే ఏ పన్ను పుచ్చిందో ఎవరూ చెప్పలేని డేటా వచ్చేది.

అప్పటికి నా దగ్గర రెండు వర్క్‌షాపుల సర్టిఫికెట్లు ఉన్నాయి. రెండింటిలోనూ కప్పా మీద ఒక స్లైడ్ ఉంది. ఆ నాలుగు గడులు నా ముందు గీసినవాళ్లు మాత్రం లేరు. శిక్షణ ఎంచుకోవడం గురించి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే. దారులు చాలా ఉన్నాయి, పేర్లన్నీ గొప్పగానే ఉంటాయి. మీ ప్రశ్నకీ, మీకు దొరికే సమయానికీ సరిపోయేది ఏదో తెలుసుకోవడమే కష్టం.

ముందు ఇవి చూసుకోండి

మొదటిది ప్రశ్న. ‘పరిశోధన నేర్చుకోవాలి’ అనేది ప్రశ్న కాదు. ‘పాల పళ్ల చికిత్సలో పిల్లలు తక్కువ ఏడ్చే పద్ధతి ఏది?’ అనేది ప్రశ్న. ‘ఈ బాండింగ్ ఏజెంట్ (ఫిల్లింగుని పంటికి అతికించే జిగురు) లాలాజలం తగిలిన డెంటిన్ (ఎనామిల్ కింది పొర) మీద నిలబడుతుందా?’ అనేది ఇంకో రకం ప్రశ్న. మొదటి దానికి క్లినికల్ ట్రయల్ నేర్చుకోవాలి, రెండో దానికి ల్యాబ్ కావాలి. ఒకే శిక్షణ రెండింటికీ పనికిరాదు. ప్రశ్న పెద్దదిగా ఉండాలన్న నియమం కూడా ఏమీ లేదు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో, ఆయన బృందం 12 మందిని పళ్లు తోముకోవడం ఆపమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గింది. చిగుళ్ల వాపుకి పాచి కారణమా కాదా అన్న వాదనకు అంత చిన్న స్టడీ జవాబు చెప్పింది. ప్రశ్న అంత సూటిగా ఉంది మరి.

రెండోది సమయం. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఓపీ, ప్రీక్లినికల్ ల్యాబ్, థియరీ క్లాసు, ఇంటర్నల్స్, పీజీల సెమినార్లు అయ్యాక మిగిలేది పరిశోధన సమయం అనుకుంటే ఏమీ మిగలదు. ఈ విషయంలో అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థ ఎన్‌ఐడీసీఆర్‌ని చూడండి. గైడ్ కింద పరిశోధకులుగా ఎదిగే క్లినీషియన్లకు ఇచ్చే కె08, కె23 గ్రాంట్లలో సాధారణంగా పని సమయంలో కనీసం 75 శాతం, అంటే ఏడాదికి 9 నెలలు, పరిశోధనకే కేటాయించాలని షరతు. కాలేజీ దానికి ముందే ఒప్పుకోవాలి. డబ్బు ఎంత ఇచ్చినా సమయం లేకపోతే పరిశోధకుడు తయారవ్వడని వాళ్లకు తెలుసు. మనలో చాలామందికి 75 శాతం అందని మాట. వారానికి ఒక పూర్తి రోజు రాతపూర్వకంగా దొరుకుతుందా అన్నదైనా ఏ కోర్సులోనైనా చేరకముందే తేలాలి. ‘చూద్దాంలే, సర్దుకోవచ్చు’ అన్న మాట మీద చేరకండి. పరీక్షల నెల రాగానే ముందు పోయేది ఆ రోజే.

మూడోది గైడ్. పెద్ద పేరున్నవాళ్లు కావాలని లేదు. మీ డేటా షీటు తెరిచి వరుసల వారీగా చూసేంత ఓపిక ఉన్నవాళ్లు కావాలి. వాళ్ల దగ్గర పనిచేసినవాళ్లు తర్వాత సొంతంగా పేపర్లు వేశారా, లేక ఆ ల్యాబ్ నుంచి బయటికి రాగానే ఆగిపోయారా అన్నది చూడండి. గైడ్ ఎలాంటివారో చెప్పేది అదే.

నాలుగోది, శిక్షణ అయ్యాక మీ చేతిలో ఏముంటుంది. సర్టిఫికెట్టా, డిగ్రీనా, పేపరా, మళ్లీ వాడుకోగల డేటానా, ఫోన్ చేస్తే పలికే నలుగురు మనుషులా? ప్రమోషన్ కోసం డిగ్రీ కావాల్సినవాళ్లకీ, పీజీలకు థీసిస్‌లు బాగా చేయించాలనుకునేవాళ్లకీ కావాల్సినవి వేరు. రెండూ న్యాయమైన కోరికలే. మీది ఏదో ఒప్పుకుంటే ఎంపిక సులువవుతుంది.

ఒక్క చూపులో

| దారి | పట్టే కాలం | వారానికి కావాల్సిన సమయం | ఏం వస్తుంది | ఏం రాదు |
|---|---|---|---|---|
| షార్ట్ కోర్సు, వర్క్‌షాపు | రోజుల నుంచి నెలలు | 2–4 గంటలు | భాష, పద్ధతుల పరిచయం | చేతి అలవాటు |
| సిస్టమాటిక్ రివ్యూ | ఏడాది, ఒక్కోసారి ఎక్కువ | 4–6 గంటలు, సాయంత్రాలు సరిపోతాయి | చదివే కన్ను, పేపరు | డేటా సేకరణ అనుభవం |
| నడుస్తున్న బృందంలో చేరడం | 1–3 ఏళ్లు | ఒక రోజు | పని ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూడటం | సొంత ప్రశ్న మీద పట్టు |
| పార్ట్‌టైమ్ మాస్టర్స్ | 2–3 ఏళ్లు | 1–2 రోజులు | గణాంకాలు, డిజైన్, డిగ్రీ | లోతైన ల్యాబ్ పని |
| పీహెచ్‌డీ | 3–6 ఏళ్లు | ఫుల్‌టైమ్, లేదా కనీసం 2 రోజులు | ఒక విషయంలో లోతు, సొంత దారి | క్లినిక్‌కి అదే సమయం |
| ఫెలోషిప్, వేరే ల్యాబ్‌కి వెళ్లడం | 3 నెలల నుంచి 5 ఏళ్లు | పూర్తి సమయం | కొత్త పద్ధతి, కొత్త మనుషులు | తిరిగొచ్చాక వసతులు |

కాలాలూ గంటలూ సుమారుగా చెప్పినవి. మీ డిపార్ట్‌మెంటు పని ఒత్తిడిని బట్టి మారతాయి.

షార్ట్ కోర్సులు

మొదటి మెట్టుగా మంచివే. అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో 1995 నుంచి నడుస్తున్న ఐపీపీసీఆర్ అనే క్లినికల్ రీసెర్చ్ కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితం. స్టడీ డిజైన్, ఎథిక్స్, శాంపిల్ సైజు లాంటివన్నీ పద్ధతిగా చెబుతారు. క్లినికల్ ట్రయల్‌లో అడుగుపెట్టాలంటే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు) శిక్షణ ఎలాగూ తప్పదు. ఆ మార్గదర్శకాల మూడో సవరణ 2025లో వచ్చింది కాబట్టి పాత స్లైడ్లతో చెబుతున్నారేమో చూసుకోండి.

మన రంగం కోసమే అని చెప్పి పెట్టే వర్క్‌షాపుని పరీక్షించడానికి నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: ‘ఒకే నోట్లో ఉన్న పళ్లను లెక్కలో ఎలా చూస్తారు?’ 20 మంది పేషెంట్లు, ఒక్కొక్కరికి 28 పళ్లు, మొత్తం 560. శాంపిల్ సైజు 560 అని రాసిన థీసిస్‌లు మనందరం చూశాం. ఒకే నోట్లోని పళ్లకు లాలాజలం ఒకటే, బ్రష్షు ఒకటే, తిండి ఒకటే. ఒక పన్ను పుచ్చితే పక్కది పుచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆ 560 విడివిడి సాక్ష్యాలు కావు. ల్యాబ్‌లోనూ ఇదే తప్పు జరుగుతుంది. ఒక పన్నుని కోసి ఆరు కడ్డీలు తీసి, బాండ్ స్ట్రెంత్ పరీక్షలో ఆరింటినీ ఆరు పళ్లలా లెక్కేస్తారు. ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పే వర్క్‌షాపుకి ధైర్యంగా వెళ్లండి. ‘అవన్నీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది’ అంటే వద్దు.

రెండు రోజుల్లో ప్రశ్న నుంచి పేపర్ దాకా నేర్పిస్తామనేవి, ఫీజుతో పాటే పబ్లికేషన్ గ్యారంటీ ఇస్తామనేవి అసలు శిక్షణ కిందికి రావు. అలాంటి చోట వేసిన పేపరు రేపు మీ సీవీలో మీకే అడ్డమవుతుంది.

షార్ట్ కోర్సుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. విన్నప్పుడు అర్థమవుతుంది, ఆరు నెలలకు పోతుంది. చేతిలో ఒక పని ఉండి, దానికోసం కోర్సు చేస్తే నిలుస్తుంది. మీ పీజీ విద్యార్థి ప్రోటోకాల్ ఒకటి దగ్గర పెట్టుకుని, ప్రతి పాఠం అయ్యాక ఆ ప్రోటోకాల్‌లో ఒక పేరా దిద్దండి. నేను చివరికి నేర్చుకున్నది అలాగే.

సిస్టమాటిక్ రివ్యూ దారి

ఒక ప్రశ్న మీద ఇప్పటిదాకా వచ్చిన స్టడీలన్నిటినీ పద్ధతిగా వెతికి, చదివి, కలిపి జవాబు తేల్చడమే సిస్టమాటిక్ రివ్యూ. క్లినిక్ వదలలేనివాళ్లకి, గ్రాంటు లేనివాళ్లకి ఇది చాలా మంచి దారి. ల్యాబ్ అక్కర్లేదు, పేషెంట్లు అక్కర్లేదు. లైబ్రరీ యాక్సెస్, పట్టుదల ఉన్న ఇంకో మనిషి, సెర్చ్ చేయడం తెలిసిన లైబ్రేరియన్ ఉంటే చాలు. దంత వైద్యంలో, ఇలాంటి రివ్యూలు చేసే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ వాళ్ల ఓరల్ హెల్త్ బృందం 1994 నుంచి ఈ పని చేస్తూ వచ్చింది. కోక్రేన్ వాళ్ల ఆన్‌లైన్ పాఠాలు ఒక్కో దశనీ చేయిపట్టి నేర్పిస్తాయి.

దీని అసలు లాభం పేపరు కాదు. ఒకే ప్రశ్న మీద వచ్చిన ముప్ఫై నలభై ట్రయల్స్ వరసగా చదివి, ర్యాండమైజేషన్ (ఎవరికి ఏ చికిత్సో లాటరీలా నిర్ణయించడం) ఎలా చేశారు, ఎంతమంది మధ్యలో మానేశారు, కొలిచినవాళ్లకి ఎవరికి ఏ చికిత్స ఇచ్చారో తెలుసా అని ఒక్కొక్కటీ పట్టికలో రాస్తే, ఆ తర్వాత మీరు మామూలు పేపరు చదివే తీరే మారిపోతుంది. మెథడ్స్ సెక్షన్ దాటేసి కన్‌క్లూజన్‌కి వెళ్లడం మీ వల్ల కాదు. జర్నల్ క్లబ్‌లో పీజీలు దాన్ని వెంటనే గమనిస్తారు.

ఇబ్బందులు రెండు. ఒకటి, ఇప్పటికే పది రివ్యూలున్న ప్రశ్న మీద పదకొండోది రాయడం. చేయబోయే రివ్యూలను నమోదు చేసే, 2011లో మొదలైన ప్రోస్పెరో రిజిస్టర్‌లో ముందు వెతకండి. అక్కడ మీ ప్రశ్న ఎవరైనా నమోదు చేసి ఉంటే వేరేది చూసుకోండి, లేకపోతే స్క్రీనింగ్ మొదలవ్వకముందే మీదీ నమోదు చేయండి. రెండోది, ఒంటరిగా చేయడం. టైటిళ్ల స్క్రీనింగ్ ఇద్దరు విడివిడిగా చేయాలి, డేటా తీయడం కూడా అంతే. ఆ రెండో మనిషి మధ్యలో తప్పుకుంటే రివ్యూ అటకెక్కుతుంది. కాబట్టి టాపిక్ కన్నా ముందు జోడీని వెతుక్కోండి.

దీని ఒక్కదానితో మీరు పూర్తి పరిశోధకులు కారు. సొంతంగా పేషెంట్లను చేర్చుకోవడం, వాళ్లు ఆరు నెలల రీకాల్‌కి రాకపోతే ఏం చేయాలో తెలియడం ఇందులో రావు. చదవడం నేర్పే బడి అనుకోండి.

నడుస్తున్న బృందంలో చేరడం

ఈ దారికి బ్రోషర్ ఉండదు, సర్టిఫికెట్ ఉండదు. అందుకే చాలామంది దీన్ని శిక్షణగానే లెక్కపెట్టరు. నేను మాత్రం క్లినిక్ ఎక్కువగా ఉన్న ఫ్యాకల్టీకి మొదట ఇదే చెబుతాను.

స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే జనరల్ డెంటిస్టు పిల్లల పుచ్చిన దవడ పళ్లకు పుచ్చు తీయకుండా, మత్తు సూది ఇవ్వకుండా, పన్ను అరగదీయకుండా నేరుగా మెటల్ క్రౌన్ సిమెంట్‌తో అతికించేవారు. చదువుకున్నవాళ్లెవరూ ఒప్పుకోని పద్ధతి. కానీ ఆమె రికార్డులు పద్ధతిగా పెట్టుకున్నారు. 1988 నుంచి 2001 దాకా 259 మంది పిల్లలకు పెట్టిన 978 క్రౌన్ల రికార్డులను యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి విశ్లేషించి 2006లో ప్రచురించారు. 2007లో 132 మంది పిల్లలతో ర్యాండమైజ్డ్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అందులో చికిత్స చేసిన 17 మందీ మామూలు ప్రాక్టీసు చేసుకునే డెంటిస్టులే. ప్రతి పిల్లలోనూ ఒక పంటికి ఈ పద్ధతి, ఇంకో పంటికి మామూలు ఫిల్లింగు. ఈరోజు ఈ పద్ధతి, హాల్ టెక్నిక్, పీడోడాంటిక్స్ (పిల్లల దంత వైద్యం) పాఠంలో భాగం.

ఇందులో డిజైన్, గణాంకాలు తెచ్చింది అకడమిక్ వాళ్లు. ప్రశ్న, రికార్డులు, చేతి నైపుణ్యం తెచ్చింది ప్రాక్టీసు చేసేవాళ్లు. మీ దగ్గరా రెండోది ఉంది. మొదటిది ఉన్నవాళ్లు మీ యూనివర్సిటీలో మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్‌లోనో, స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటులోనో ఉంటారు. వాళ్లకి క్లినికల్ డేటా కావాలి, మీకు డిజైన్ నేర్చుకోవాలి.

చేరేముందు ఒక మాట తేల్చుకోండి: పేపరు మీద పేరు. డేటా ఇచ్చినంత మాత్రాన రచయిత అయిపోరు. వైద్య జర్నళ్ల సంపాదకుల కమిటీ నియమం ప్రకారం నాలుగు షరతులూ తీరాలి: పనిలో గట్టి భాగం, రాయడంలోనో దిద్దడంలోనో భాగం, చివరి ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీతనం. ఈ నాలుగిట్లో మీరు ఏవి చేస్తారో మొదటి మీటింగులోనే రాసుకోండి. ఎనిమిది నెలలు పేషెంట్లను చూసి చివర కృతజ్ఞతల్లో పేరు చూసుకున్నవాళ్లు నాకు తెలుసు. అవతలివాళ్లది మోసం కాదు, ముందు మాట్లాడుకోకపోవడం.

పార్ట్‌టైమ్ మాస్టర్స్

క్లినికల్ రీసెర్చ్, ఎపిడెమియాలజీ, పబ్లిక్ హెల్త్, ఏ పేరుతో ఉన్నా సరే, ఇందులో దొరికేది క్రమం. వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి, ఎవరో దిద్దుతారు. ఏటా నలుగురైదుగురు పీజీలకు గైడ్ చేసే మధ్య వయసు ఫ్యాకల్టీకి పెట్టిన సమయానికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదేనని నా నమ్మకం. మీరు ఒక్కరు శాంపిల్ సైజు సరిగ్గా వేయడం నేర్చుకుంటే మీ కింద వచ్చే ప్రతి థీసిస్ బాగుపడుతుంది.

రెండు చూసుకోండి. లెక్కలు మీ చేత చేయిస్తారా? ‘ఆర్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీరే డేటా శుభ్రం చేసి, మోడల్ నడిపి, ఫలితం చదవాలి. డిజర్టేషన్‌కి మీ సొంత క్లినిక్ డేటా వాడుకోనిస్తారా? అలా అయితే చదువూ, ఒక పేపరూ ఒకే కష్టంలో అయిపోతాయి.

పీహెచ్‌డీ

ఓరల్ బయాలజీ, ఓరల్ పాథాలజీ, డెంటల్ మెటీరియల్స్ లాంటి వాటిలో ల్యాబ్ పనే జీవితం అనుకునేవాళ్లకి దీనికి ప్రత్యామ్నాయం లేదు. మిగతావాళ్లు మాత్రం ఒకసారి ఆగి ఆలోచించాలి.

ఫుల్‌టైమ్ చేస్తే జీతం, సీనియారిటీ, చేతి పని మూడూ దెబ్బతింటాయి. మూడేళ్లు ఎండో (రూట్ కెనాల్ చికిత్స) చేయకపోతే చేయి మొద్దుబారుతుంది. తిరిగొచ్చాక మళ్లీ పట్టు వస్తుంది గానీ ఆ మొదటి ఆర్నెల్లు కష్టంగా ఉంటాయి. పార్ట్‌టైమ్ చేస్తే ఇవేవీ పోవు, కానీ ల్యాబ్‌లో కణాలు మీ టైంటేబుల్ చూసి పెరగవు. శనివారం మాత్రమే ఖాళీ ఉన్నవాళ్లు సెల్ కల్చర్ మీద పీహెచ్‌డీ పెట్టుకుంటే రోజూ మీడియా మార్చేదెవరు? పార్ట్‌టైమ్‌కి పేషెంట్ల డేటా, సర్వేలు, ఎక్స్‌రే ఇమేజింగ్, రికార్డుల విశ్లేషణ లాంటి ఆగి మళ్లీ అందుకోగల టాపిక్‌లు నప్పుతాయి. ల్యాబ్ టాపిక్ కావాలంటే ఫుల్‌టైమ్‌కి వెళ్లండి. పార్ట్‌టైమ్‌లో ల్యాబ్ టాపిక్ పెట్టుకుని ఏడేళ్లు లాగినవాళ్ల బాధ దగ్గర నుంచి చూశాను.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఇప్పుడున్న విద్యార్థులతో పాటు మధ్యలో మానేసినవాళ్లతో కూడా మాట్లాడండి. డ్రాఫ్టు పంపితే ఎన్ని రోజులకు తిరిగి వస్తుందని అడగండి. రెండు వారాలంటే మంచిది. ‘సార్ బిజీగా ఉంటారు’ అంటే జవాబు దొరికినట్టే.

ఫెలోషిప్‌లు, వేరే ల్యాబ్‌కి వెళ్లడం

పెద్దవాటితో మొదలుపెడితే, ఎన్‌ఐడీసీఆర్ గ్రాంట్లు చాలామంది నోట వినిపిస్తాయి. కె23 పేషెంట్లతో నేరుగా చేసే పరిశోధనకి. కె08 క్లినికల్ డిగ్రీ ఉండి ల్యాబ్ పని వైపు కూడా మొగ్గేవాళ్లకి. రెండూ మూడు నుంచి అయిదేళ్లు నడుస్తాయి, రెండింటికీ అమెరికా పౌరసత్వమో శాశ్వత నివాసమో అడుగుతారు. కె99/ఆర్00కి ఆ షరతు లేదు. అది పోస్ట్‌డాక్ చేస్తున్నవాళ్లని గైడ్ నీడ నుంచి సొంత ల్యాబ్‌కి రెండు దశల్లో దాటించే గ్రాంటు. అంటే అప్పటికే అక్కడ పని చేస్తున్నవాళ్లకి పనికొస్తుంది, ఇంటి నుంచి దరఖాస్తు పెట్టేది కాదు. గడువులూ షరతులూ మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటీసు చదవకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

చాలామందికి అందుబాటులో ఉండేది మూడు నుంచి ఆరు నెలల విజిటింగ్. ఒక్క పద్ధతి నేర్చుకోవడానికి వెళ్తే ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది: మైక్రో సీటీ (పంటి లోపలి భాగాన్ని చాలా సూక్ష్మంగా చూపే స్కాన్)లో రూట్ కెనాల్ చదవడం, లాలాజలం నుంచి డీఎన్ఏ తీయడం, బాండ్ పరీక్షలో విరిగిన ముఖాన్ని మైక్రోస్కోప్ కింద చూడటం. ‘పరిశోధన వాతావరణం చూసి వస్తాను’ అని వెళ్తే మొదటి నెల బ్యాడ్జి, లాగిన్, సేఫ్టీ ట్రైనింగ్‌తో పోతుంది, రెండో నెల మర్యాదలతో పోతుంది.

వెళ్లేముందు ఇంటి సంగతి చూసుకోండి, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేర్చుకునే పద్ధతికి కావాల్సిన మెషీన్ మీ క్యాంపస్‌లో ఉందా? లేకపోతే అక్కడి ల్యాబ్ తర్వాత మీ శాంపిల్స్ తీసుకుంటుందా? శాంపిల్స్ దేశం దాటాలంటే ఎథిక్స్ అనుమతితో పాటు రెండు సంస్థల మధ్య ఒప్పందం కావాలి, దానికి నెలలు పడుతుంది. ఆ కాగితాలు ఇంటి దగ్గరే మొదలుపెట్టి వెళ్లినవాళ్లు ఆరు నెలల్లో పేపరుతో వస్తారు.

ఎవరికి ఏది

పీజీ అయి కొత్తగా చేరారు, ఇంకా ఇల్లూ పిల్లల బాధ్యత పడలేదు, ఒక ప్రశ్న మనసులో తిరుగుతోంది. అయితే ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ గురించి ఆలోచించాల్సిన వయసు ఇదే. తర్వాత ఖర్చు పెరుగుతుంది. ప్రశ్న ఇంకా లేకపోతే ముందు ఒక రివ్యూ చేయండి. చేస్తూ ఉంటే ఖాళీలు కనిపిస్తాయి, వాటిలోంచే ప్రశ్న పుడుతుంది.

పదేళ్ల అనుభవం, నిండు ఓపీ, నలుగురు పీజీలు. మీకు బృందంలో చేరడం, దాంతోపాటు పార్ట్‌టైమ్ మాస్టర్స్. ఈ రెండూ కలిస్తే ఒకదానికి ఒకటి సాయం. మాస్టర్స్‌లో నేర్చుకున్నది బృందంలో అదే వారం వాడతారు.

సాయంత్రం సొంత క్లినిక్ ఉన్నవాళ్లకి సమయం నిజంగా లేదు, దాన్ని దాచుకోవద్దు. మీ బలం రికార్డులు. ఈరోజు నుంచి ఒక్క చికిత్సకి ఒకే ఫారం పెట్టుకుని నింపండి. రేపు వాటిని వాడుకోవడానికి ఎథిక్స్ కమిటీ ఏం అడుగుతుందో ఇప్పుడే కనుక్కోండి. రెండేళ్ల శుభ్రమైన రికార్డులతో వెళ్తే ఏ బృందమైనా కుర్చీ వేస్తుంది.

హెచ్‌ఓడీలు ఇంకో డిగ్రీ కోసం పరుగెత్తక్కర్లేదు. మీ డిపార్ట్‌మెంటులో ఒకరికి వారానికి ఒక రోజు ఖాళీ చేసి ఇవ్వగలిగింది మీరే. ఆ రోజు ఓపీకి మీరు కూర్చోండి. డిపార్ట్‌మెంటుకి మీరు ఇవ్వగల శిక్షణల్లో దానికి మించింది నాకు కనిపించలేదు.

ల్యాబ్ సబ్జెక్టుల వాళ్లకి పీహెచ్‌డీ లేదా విజిటింగ్. వర్క్‌షాపుల మీద సమయం పెట్టకండి.

రెండు దారుల మధ్య తేల్చుకోలేకపోతే, మధ్యలో ఆపినా చేతిలో ఏదో ఒకటి మిగిలేది తీసుకోండి. ఏడాదికి మానేసిన మాస్టర్స్‌లో గణాంకాల పాఠాలు మిగులుతాయి. సగంలో ఆగిన రివ్యూని ఇంకొకరు అందుకోవచ్చు. మూడో ఏట ఆగిన పీహెచ్‌డీలో మిగిలేది చాలా తక్కువ, అందుకే దానికి మాత్రం పూర్తిగా సిద్ధపడి వెళ్లాలి.

గైడ్‌కి రాసే మొదటి ఉత్తరం

ఏ దారి పట్టినా చివరికి ఒక మనిషికి ఉత్తరం రాయాలి. చాలామంది సీవీ జత చేసి ‘మీ దగ్గర పని చేసే అవకాశం ఇవ్వండి’ అని రాస్తారు. అలాంటివి వాళ్లకి చాలా వస్తాయి, చదవరు. సగం పేజీ చాలు. వాళ్ల ఒక పేపరు నిజంగా చదివి, అందులో మీ క్లినిక్‌లో మీరు చూసిన దానితో కలవని ఒక విషయం రాయండి. మీ ప్రశ్న ఒక వాక్యంలో రాయండి. మీ దగ్గర ఏముందో చెప్పండి: నెలకి అలాంటి కేసులు ఎన్ని వస్తాయి, రికార్డులు ఎన్నేళ్లవి, వారానికి ఏ రోజు మీకు రాతపూర్వకంగా ఖాళీ. చివర అరగంట ఫోన్‌లో మాట్లాడటానికి సమయం అడగండి, అంతకు మించి ఏమీ అడగొద్దు. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే రెండో పేరుకి రాయండి. ఆ రెండో పేరు మొదటి ఉత్తరం పంపిన రోజే రాసిపెట్టుకుని ఉండాలి.